పుస్తకం పంపుతాం, నాలుగు మాటలు రాస్తారా?

తెలుగులో పుస్తకం వేసుకునే రచయితల్లో చాలామంది ఖర్చు సొంతంగా పెట్టుకునేవాళ్లే. డీటీపీ, ముఖచిత్రం, అచ్చు, ఆవిష్కరణ సభ, శాలువాలు అన్నీ అయ్యాక, కాపీల కట్టలు ఇంట్లో గోడవారన పడి ఉండగా, రచయితకి మిగిలేది ఒకటే పని. ఆ పుస్తకం గురించి ఎవరితోనైనా రాయించుకోవాలి. దినపత్రికల్లో పుస్తకాలకి చోటు బాగా తగ్గింది. అందుకని చూపు బ్లాగుల మీదికి, ఇన్‌స్టాగ్రామ్‌లో యూట్యూబ్‌లో పుస్తకాల గురించి మాట్లాడేవాళ్ల మీదికి మళ్లింది. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం వస్తున్నాయంటే ఈ అడగడాలు మరీ ఎక్కువ. రాసేవాళ్లకి ఇదొక తలనొప్పి. కాదంటే గర్వం అంటారు, సరేనంటే ఎప్పటికి చదువుతారో వాళ్లకే తెలియదు.

ఈ తలనొప్పి ఇంగ్లీషు బ్లాగర్లకి మనకన్నా ముందు, మనకన్నా పెద్ద ఎత్తున వచ్చింది. 2007 మొదట్లో, పాఠకులే పుస్తకాలకి స్టార్లు ఇచ్చి అభిప్రాయాలు రాసుకునే సైట్ గుడ్‌రీడ్స్ వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో అమెజాన్ ఈబుక్కులు చదివే పరికరం కిండిల్‌ని, దానితో పాటే ఎవరి పుస్తకం వాళ్లే ఈబుక్‌గా పెట్టుకునే వీలునూ తెచ్చింది. ప్రచురణకర్త అవసరం లేని పుస్తకాలు వేలల్లో, తర్వాత లక్షల్లో వచ్చిపడ్డాయి. పెద్ద పత్రికలు సొంతంగా వేసుకున్న పుస్తకాల జోలికి దాదాపుగా వెళ్లవు. పెద్ద ప్రచురణ సంస్థల్లో అయితే ప్రచారం చూసుకోవడానికి ఉద్యోగులు ఉంటారు, విడుదలకి నాలుగైదు నెలల ముందే సమీక్షకులకి అడ్వాన్స్ కాపీలు వెళ్తాయి. ఒంటరి రచయితకి అలాంటివాళ్లు ఎవరూ లేరు. కాలక్షేపానికి చదువుతూ, చదివినవాటి గురించి సరదాగా రాసుకుంటున్న బ్లాగరే అతనికి దిక్కయ్యాడు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట రాసుకునే మనిషికి ఒక్కసారిగా పత్రికాఫీసుకి వచ్చినన్ని వినతులు రావడం మొదలైంది.

పత్రికాఫీసుకీ బ్లాగరుకీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. పత్రికలో రచయితకీ సమీక్షకుడికీ నడుమ ఎడిటర్ ఉంటాడు. "సమీక్షకి రెండు ప్రతులు పంపాలి" అని తెలుగు పత్రికలు ఏళ్ల తరబడి అచ్చువేశాయి. ఒకటి సమీక్షకుడి చేతికి, రెండోది ఆఫీసు అలమరాకి. అది ఎవరి చేతికి వెళ్లిందో అచ్చయ్యేదాకా రచయితకి తెలియదు. తెలిశాక నిలదీసినా "ఎడిటర్ గారు అడిగితే రాశానండీ" అని సమీక్షకుడు తప్పుకోవచ్చు. సమీక్షించలేని పుస్తకాలకి "స్వీకారం" అనో "అందిన పుస్తకాలు" అనో ఒక చిన్న జాబితా ఉండేది. పుస్తకం పేరు, రచయిత, పేజీలు, వెల, ప్రతులు దొరికే చోటు. అది సమీక్ష కాదు, రసీదు. కానీ ఎవరి మనసూ నొప్పించకుండా బల్ల మీది దొంతరని తగ్గించుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. లండన్‌లోని టైమ్స్ లిటరరీ సప్లిమెంట్ ఇంకో అడుగు ముందుకేసి 1974 దాకా సమీక్షకుల పేర్లే వేసేది కాదు.

బ్లాగరుకి ఆ అడ్డుగోడ లేదు. ఎంచుకునేదీ, చదివేదీ, రాసేదీ, ప్రచురించేదీ, తర్వాత రచయిత ఫోన్ ఎత్తేదీ అన్నీ ఒక్కరే. ఇంగ్లీషు బ్లాగుల్లో కనిపించే "రివ్యూ పాలసీ" పేజీ ఈ లోటు పూడ్చుకోవడానికి పుట్టిందే. అందులో ఉండే నియమాలు పైకి సంతలో తూకం రాళ్లలా గట్టిగా, మొరటుగా కనిపిస్తాయి. ఒక్కో దాని వెనకా ఎవరో ఒకరు పడ్డ ఇబ్బంది ఉంటుంది.

మొదట వచ్చేది ఏ రకం పుస్తకాలు చదువుతారన్నది. క్రైమ్ నవలలు మాత్రమే చదివేవాళ్లకి కవిత్వం పంపితే ఇద్దరి సమయమూ వృథా. రెండోది ఫార్మాట్. ఫోన్‌లో పీడీఎఫ్ చదవడం కళ్లకి శిక్ష. అక్షరాలు పెద్దవి చేస్తే లైను తెర దాటిపోతుంది, వదిలేస్తే కనపడదు. అందుకే ఇంగ్లీషు బ్లాగర్లు ఈపబ్ అడుగుతారు, అందులో అక్షరాలు పెద్దవి చేసినా లైన్లు తెరకి సర్దుకుంటాయి. 2022 నుంచి కిండిల్‌కి కూడా ఈపబ్ పంపుకోవచ్చు కాబట్టి ఆ గొడవ కొంత తగ్గింది. తెలుగులో మాత్రం పీడీఎఫ్‌దే రాజ్యం. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ కోసం, యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది, ఈపబ్ చేయడం పెద్ద పని. రచయిత దగ్గర ఉండేది డీటీపీ ఆపరేటర్ ఇచ్చిన ప్రింట్ ఫైలు ఒక్కటే. వాట్సాప్‌లో "మీ అమూల్యమైన అభిప్రాయం తెలియజేయగలరు" అనే వాక్యంతో వచ్చేది అదే.

ఇంకొన్ని నియమాలు చూడగానే అర్థమవుతాయి. సీరీస్‌లో మొదటి భాగం చదవకుండా మూడో భాగం తీసుకోరు. అడగకుండా ఫైలు జతచేస్తే ఆ మెయిల్ తెరవరు. ఫలానా తేదీకే రావాలంటే కుదరదంటారు. పుస్తకం తీసుకున్నంత మాత్రాన సమీక్ష వస్తుందని హామీ ఉండదు. సగంలో ఆపేసే హక్కు తమదే. ఈ చివరి రెండూ రచయితలకి మింగుడుపడనివి. "పుస్తకం తీసుకున్నారు కదా" అన్న మాట అక్కడా వినిపిస్తుంది, ఇక్కడా వినిపిస్తుంది.

ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. రచయిత దృష్టిలో ఉచితంగా ఇచ్చిన కాపీ ఒక చెల్లింపు, సమీక్ష దానికి బదులు. బ్లాగరు వైపు నుంచి లెక్క వేస్తే వేరేలా తేలుతుంది. మూడొందల పేజీల నవల చదవడానికి ఏడెనిమిది గంటలు. నోట్సు చూసుకుని రాయడానికి, దిద్దుకోవడానికి ఇంకో రెండు మూడు గంటలు. పుస్తకం వెల 200 రూపాయలు అనుకుంటే గంటకి 20 రూపాయలు పడుతుంది. ఆ రేటుకి ఎవరూ ఏ పనీ చేయరు. వారానికో పుస్తకం చదివే మనిషి ఏడాదికి చదివేవి 52. తను కొనుక్కున్నవీ, ఎప్పటినుంచో చదవాలనుకుంటున్నవీ పోను అడిగినవాళ్ల కోసం మిగిలేవి పదో పదిహేనో. రచయిత నిజంగా అడుగుతున్నది ఆ పదిహేను చోట్లలో ఒకటి. ఈ సంగతి తెలిసి అడిగేవాళ్ల మెయిల్ తీరే వేరుగా ఉంటుంది. బ్లాగరు పేరు, అంతకుముందు రాసిన ఏదో ఒక సమీక్ష ప్రస్తావన, పుస్తకం గురించి ఒక పేరా, పేజీల సంఖ్య, ఏ రూపంలో పంపగలరో. పది లైన్లు దాటదు. బిరుదులూ అవార్డులూ ఏకరువు పెట్టే రెండు పేజీల మెయిల్ కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

మెయిల్స్‌కి జవాబు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద బ్లాగర్లలో రెండు మతాలున్నాయి. కుదరదని ఒక లైను రాయడం మర్యాద అని కొందరు. ఆ లైను రాస్తే "ఎందుకు కుదరదు" అని ఇంకో మెయిల్ వస్తుంది కాబట్టి మౌనమే మేలని మిగతావాళ్లు. రెండో వర్గం తమ పాలసీ పేజీలోనే "నాలుగు వారాల్లో జవాబు రాకపోతే తీసుకోనట్టే" అని రాసి పెడతారు. మౌనానికి ముందే అర్థం చెప్పేయడం వల్ల అది అవమానం కాకుండా పోతుంది. ఇంకొందరు ఆరేడు నెలల పాటు "ప్రస్తుతం కొత్త వినతులు తీసుకోవడం లేదు" అని బోర్డు పెట్టేస్తారు. బోర్డు ఉన్నా మెయిల్స్ వస్తూనే ఉంటాయి గానీ, జవాబివ్వలేదన్న అపరాధ భావం మాత్రం ఉండదు.

2008లో వచ్చిన నెట్‌గ్యాలీ అనే సైట్ ఈ వ్యవహారాన్ని తలకిందులు చేసింది. అక్కడ ప్రచురణకర్తలు డబ్బు కట్టి రాబోయే పుస్తకాలు పెడతారు. బ్లాగర్లే కావలసినవి అడుగుతారు. ఇచ్చేదీ లేనిదీ ప్రచురణకర్త ఇష్టం. తీసుకున్న పుస్తకాల్లో ఎన్నింటికి అభిప్రాయం రాశారన్నది ప్రొఫైల్‌లో శాతంగా కనిపిస్తుంది. 80 శాతం ఉండటం మంచిదని ఆ సైట్ చెబుతుంది, దానికో బ్యాడ్జీ కూడా ఇస్తుంది. ఎదురుగా మనిషి లేడు కాబట్టి మొహమాటం లేదు. కానీ ఆశపడి ఒక్క రాత్రిలో ఇరవై పుస్తకాలు అడిగేసి, ఆ శాతాన్ని పైకి లాగడానికి నెలల తరబడి హోంవర్కులా చదివేవాళ్లూ తయారయ్యారు. సరదా కాస్తా టెన్షన్ అయింది.

ఇక అసలు చిక్కు. అడిగి పంపిన పుస్తకం బాగాలేకపోతే ఏం చేయాలి?

2011 మార్చిలో ఇంగ్లీషు బ్లాగులోకం అంతా చూసిన గొడవ ఒకటుంది. ఒక రచయిత్రి తన నవలని సొంతంగా ప్రచురించే రచయితల పుస్తకాలే సమీక్షించే ఒక బ్లాగుకి పంపారు. బ్లాగరు కథ బాగుందన్నారు గానీ భాషలో, స్పెల్లింగులో తప్పులు చదవనివ్వడం లేదని రెండు స్టార్లు ఇచ్చారు. మీరు చదివింది పాత ఫైలు, సరిచేసిన కాపీ దించుకోమన్నాను కదా అంటూ రచయిత్రి వాదనకి దిగారు. మాట మాట పెరిగి బూతుల దాకా వెళ్లింది. ఒకటి రెండు రోజుల్లో ఆ వాదన వేలమంది చదివారు. పుస్తకం గురించి అప్పటిదాకా తెలియనివాళ్లు కూడా వెళ్లి ఒక్క స్టార్ ఇచ్చి వచ్చారు. ఆ సమీక్ష నిజానికి మర్యాదగానే ఉంది. రచయిత్రి ఊరుకుని ఉంటే నలుగురు చదివి మర్చిపోయేవారు.

2014లో జరిగింది ఇంకా భయపెట్టేది. ఒక అమెరికన్ నవలా రచయిత్రి తన పుస్తకాన్ని గుడ్‌రీడ్స్‌లో తీసిపారేసిన ఒక పాఠకురాలి అసలు పేరు, ఇల్లు వెతికి పట్టుకుని ఆ గుమ్మం దాకా వెళ్లారు. అది బయటివాళ్లు పెట్టిన ఆరోపణ కాదు, ఆ సంగతంతా గార్డియన్‌లో తనే రాసుకున్నారు. చాలామంది బ్లాగర్లు మారుపేర్లతో రాస్తారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. నిరసనగా కొందరు కొన్ని రోజుల పాటు కొత్త పుస్తకాల సమీక్షలు ఆపేశారు. సమీక్ష కాపీ పోస్టులో పంపుతాం, అడ్రసు ఇవ్వండి అని రచయితలు అడిగితే చాలామంది ఈబుక్ చాలంటారు. కారణం ఇంట్లో అలమరా నిండిపోయిందని కాదు.

ఇలాంటివి చూశాక చాలామంది తీసుకున్న దారి ఒకటే. మూడు స్టార్ల కన్నా తక్కువైతే ప్రచురించకుండా రచయితకి విడిగా మెయిల్ రాస్తారు. బ్లాగ్ టూర్లు నడిపే ఏజెన్సీలు దీన్ని ఏకంగా నియమం చేసుకున్నాయి. పది పదిహేను బ్లాగుల్లో రోజుకొకటి చొప్పున ఒకే పుస్తకం గురించి పోస్టులు వచ్చేలా ఏర్పాటు చేయడం వాళ్ల పని. అందులో ఎవరికైనా పుస్తకం నచ్చకపోతే టూర్ అయ్యేదాకా సమీక్ష ఆపి, ఆ రోజుకి ముఖచిత్రమూ ఒక భాగమూ వేసి సరిపెట్టమంటారు. రచయితకి ఇది బాగానే ఉంటుంది, బ్లాగరుకీ గొడవ ఉండదు. నష్టపోయేది చదివేవాడు. పదిహేనులో పది పొగడ్తలు, అయిదు ముఖచిత్రాలు కనిపిస్తే ఆ అయిదుగురు ఎందుకు మాట్లాడలేదో అతనికి తెలిసే దారి లేదు.

అలాగని బాగాలేని ప్రతి పుస్తకాన్నీ బజారుకీడ్చాలనడం కూడా సరికాదు. ఎవరికీ తెలియని కొత్త రచయిత మొదటి పుస్తకాన్ని వెయ్యి పదాల్లో చీల్చి చెండాడితే పాఠకుడికి ఒరిగేదేమీ లేదు, అతను దాన్ని ఎలాగూ కొనబోడు. అవార్డులు వచ్చి, దుకాణాల్లో ముందు వరసలో ఉండి, అందరూ కొంటున్న పుస్తకం విషయంలో ఊరుకోవడం మాత్రం పాఠకుడికి అన్యాయమే. చిన్నవాళ్ల విషయంలో మౌనం, పెద్దవాళ్ల విషయంలో మాట. అనుభవమున్న బ్లాగర్లలో చాలామంది పైకి చెప్పకపోయినా ఆచరించేది ఇదే. చిక్కల్లా మిగతావాళ్లు దీన్ని తలకిందులుగా ఆచరించడంలోనే ఉంది. కొత్తవాళ్లని ఏకడం తేలిక, పేరున్నవాళ్లని అనడం కష్టం.

ఉచిత కాపీ మీద ప్రభుత్వాల దృష్టి పడింది 2009లో. అమెరికాలో వినియోగదారుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ అక్టోబర్‌లో తన మార్గదర్శకాలు మార్చి, వస్తువు ఉచితంగా తీసుకుని దాని గురించి రాసే బ్లాగర్లు ఆ సంగతి చెప్పాలంది. డిసెంబర్ 1 నుంచి అమలు. పుస్తక బ్లాగర్లు భగ్గుమన్నారు. పత్రికల సమీక్షకులకి వందేళ్లుగా ఉచిత కాపీలు వస్తున్నాయి, వాళ్లని అడగరే అన్నారు. దానికి కమిషన్ అధికారి ఒకరు ఒక ఇంటర్వ్యూలో చెప్పిన జవాబు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. బ్లాగరు చదివాక పుస్తకాన్ని దగ్గరే ఉంచుకుంటే అది ప్రతిఫలం కిందికి వస్తుంది, తిప్పి పంపేస్తే ఇబ్బంది లేదు అని ఆయన భావం. నూటయాభై రూపాయల పుస్తకాన్ని వందరూపాయల కొరియర్‌లో తిప్పి పంపడం! మేం బ్లాగర్ల వెంట పడబోవడం లేదని ఆ తర్వాత కమిషన్ సర్దిచెప్పుకుంది. కానీ అప్పటినుంచి ఇంగ్లీషు పుస్తక సమీక్షల చివర ఒక వాక్యం స్థిరపడిపోయింది. నిజాయితీగల సమీక్షకి బదులుగా ఈ కాపీ ఉచితంగా అందింది, అని.

ఆ "బదులుగా" ఏడేళ్ల తర్వాత కొత్త చిక్కు తెచ్చింది. 2016 అక్టోబర్‌లో అమెజాన్ ఉచిత వస్తువులకి ప్రతిగా రాసే సమీక్షలని నిషేధించింది. పుస్తకాలకి మినహాయింపు ఇచ్చింది, ప్రచురణ రంగంలో ముందస్తు కాపీలు పాత ఆచారం కాబట్టి. అయితే రచయిత కాపీ ఇవ్వొచ్చు గానీ, సమీక్ష రాయాలని షరతు పెట్టకూడదు. షరతు లేదన్నప్పుడు "బదులుగా" అని రాస్తే ఉన్నట్టే అవుతుంది. దాంతో బ్లాగర్లు ఆ వాక్యం మార్చుకున్నారు. కాపీ ఉచితంగా వచ్చింది, సమీక్ష మాత్రం స్వచ్ఛందంగా రాశాను, అని. మన అమెజాన్‌లో సమీక్ష రాయాలంటే అంతకుముందు 12 నెలల్లో కనీసం 1,500 రూపాయల కొనుగోళ్లు చేసి ఉండాలన్న నిబంధన కూడా ఉంది. "చదివారు కదా, అమెజాన్‌లో కూడా రెండు ముక్కలు పెట్టండి" అని రచయిత అడిగితే పెట్టలేకపోయినవాళ్లలో కొందరి అడ్డంకి ఇదే. ఆ మాట చెప్పినా అవతలివాళ్లు నమ్మరు.

భారతదేశంలో 2021 మే నెలలో ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ, తర్వాత 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్లకి మార్గదర్శకాలు ఇచ్చాయి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంటుంది. ఇవి ముఖ్యంగా క్రీములూ గాడ్జెట్లూ పొగిడే సెలబ్రిటీల కోసం రాసినవి. పుస్తకం గురించి రాసేవాళ్లు వీటిని చదివి ఉంటారనుకోలేం. కానీ 2023 పత్రంలో చెప్పాల్సిన సంబంధాల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. డబ్బు, బహుమతులు, అడగకుండా వచ్చిన ఉచిత వస్తువులు, వాటితో పాటు కుటుంబ సంబంధం, వ్యక్తిగత సంబంధం, ఉద్యోగ సంబంధం. అమెరికా నియమాల్లోనూ ఇంతే. కాపీ ఉచితమన్న సంగతి అందరూ చెబుతున్నారు. రెండో సగం, అంటే రచయితతో ఉన్న సంబంధం సంగతి మాత్రం ఎవరికీ పట్టినట్టు లేదు.

డబ్బు తీసుకుని రాసే సమీక్షల కథ వేరు, అందులో తర్కించడానికి పెద్దగా ఏమీ లేదు. 1933లో మొదలైన కర్కస్ రివ్యూస్ ఇప్పుడు ఒంటరి రచయితల దగ్గర వందల డాలర్ల ఫీజు తీసుకుని సమీక్ష రాయిస్తుంది. అది పొగడ్తే అవుతుందన్న హామీ లేదు, నచ్చకపోతే ప్రచురించవద్దనే హక్కు మాత్రం రచయితకి ఉంటుంది. దీనికి అవతలి కొస 2010లో అమెరికాలో ఒకాయన పెట్టిన దుకాణం. ఒక సమీక్షకి 99 డాలర్లు, 20 అయితే 499, 50 అయితే 999. న్యూయార్క్ టైమ్స్ 2012లో ఆ కథ బయటపెట్టింది. అందులో ఒక సమీక్షకురాలు పుస్తకాలు పూర్తిగా చదవకుండానే రాసేదాన్నని ఒప్పుకున్నారు. 2024 అక్టోబర్ నుంచి అమెరికాలో ఇలా పొగడ్తలు కొనడం, అమ్మడం నేరుగా జరిమానా పడే తప్పు. మన దగ్గర ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టుకింత, స్టోరీకింత, అమెజాన్ రేటింగుకింత అని ప్యాకేజీలు చెప్పేవాళ్లు ఇంగ్లీషు, హిందీ పుస్తకాల వైపు కనిపిస్తారు. తెలుగులో ఆ జబ్బు అంతగా ముదరలేదు. నీతి ఎక్కువై కాదు, డబ్బు తక్కువై. అయిదొందల కాపీల పుస్తకానికి సమీక్ష కొనుక్కునే బడ్జెట్ ఎక్కడిది?

తెలుగులో పనిచేసే ద్రవ్యం పరిచయం. రాసేవాళ్లు, చదివేవాళ్లు, సమీక్షించేవాళ్లు, సభల్లో మాట్లాడేవాళ్లు, అవార్డు కమిటీల్లో కూర్చునేవాళ్లు చాలావరకు ఒకే వలయం. పుస్తకం మెయిల్‌లో రాదు, మనిషి చేతిలోంచి వస్తుంది. మొదటి పేజీలో "ఆత్మీయులు ఫలానా గారికి, అభిమానంతో" అని సంతకం ఉంటుంది. ఆ సంతకం పడ్డాక అది సమీక్ష కాపీ కాదు, బంధం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అలాంటి సంతకాలున్న పుస్తకాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఇచ్చినవాళ్లు అటువైపు వెళ్లకపోవడమే మంచిది. వారం తిరక్కుండా ఫోన్ వస్తుంది: "అన్నా, పుస్తకం చూశావా? తొందరేం లేదులే, నిర్మొహమాటంగా రాయి." తొందరా ఉంటుంది, మొహమాటమూ ఉంటుంది. ఇంగ్లీషు బ్లాగరు రచయిత మెయిల్‌ని వదిలేయగలడు. వచ్చే నెల ఇంకో ఆవిష్కరణ సభలో పక్క కుర్చీలో కూర్చోబోయే మనిషి ఫోన్‌ని తెలుగు బ్లాగరు వదిలేయలేడు. పైగా రేపు తన పుస్తకం వస్తే రాయాల్సింది ఆ పక్క కుర్చీ మనిషే కావచ్చు.

అందుకే ఎక్కువ భాగం తెలుగు సమీక్షలు ఎటూ తేల్చకుండా ముగుస్తాయి. కథల సంపుటి అయితే ఒక్కో కథ సారాంశం వరసగా చెప్పుకుంటూ పోయి, ముఖచిత్రాన్నీ అచ్చునీ మెచ్చుకుని, "అక్కడక్కడా అచ్చుతప్పులున్నా" అని ఒక్క మాట అని, అందరూ కొని చదవాల్సిన పుస్తకం అనడంతో సరి. అచ్చుతప్పుల మీద పెట్టే ఆ ఒక్క మాటే చాలాసార్లు మొత్తం విమర్శ. పూర్తిగా సమీక్షకుడి తప్పు కూడా కాదు ఇది. అతనికీ రచయితకీ నడుమ నిలబడే ఎడిటర్ లేడు. పాలసీ పేజీ పెట్టుకుంటే "మనలో మనకి రూల్సేమిటి" అంటారు.

పరిచయం ఎంత బరువైనదో ఇంగ్లీషు బ్లాగులకీ ఆలస్యంగా తెలిసొచ్చింది. 2006లో మొదలైన డియర్ ఆథర్ రొమాన్స్ నవలల సమీక్షలకి చాలా పేరున్న బ్లాగు. రచయితలతో రాజీపడదని, పాఠకుల పక్షాన ఉంటుందని నమ్మకం. 2015లో దాన్ని స్థాపించినావిడ తను వేరే కలంపేరుతో రొమాన్స్ నవలలు రాస్తున్నట్టు బయటపెట్టారు. పాఠకులకీ, రచయితలకీ కోపం వచ్చింది. ఉచిత కాపీల గురించి అప్పటికి ఆరేళ్లుగా అందరూ ప్రతి పోస్టు కింద చెబుతూనే ఉన్నారు, అదెవరికీ బాధ కలిగించలేదు. ఆవిడ కౌంటర్‌కి రెండువైపులా ఉన్నారని, ఆ సంగతి చెప్పలేదని మాత్రం బాధపడ్డారు. ఆవిడ తన పుస్తకాలని తన బ్లాగులో పొగుడుకున్నారని ఎవరూ అనలేదు. చెప్పకపోవడం ఒక్కటే చాలింది.

ఇందులోంచి తెలుగులో రాసేవాళ్లు తెచ్చుకోదగింది పాలసీ పేజీ కాదు, అది ఇక్కడి వాతావరణానికి నప్పదు. తెచ్చుకోదగింది సమీక్షల చివర వాళ్లు రాసే ఆ ఉచిత కాపీ వాక్యం, కాస్త మార్చి. "పుస్తకం రచయిత ఇచ్చారు. ఆయన పదేళ్లుగా మిత్రులు." సమీక్ష చివర కాదు, మొదట్లోనే. అది రాసినంత మాత్రాన సమీక్ష చెడిపోదు. స్నేహితుడి పుస్తకం గురించి స్నేహితుడు రాసింది చదవడానికి పాఠకుడికి అభ్యంతరమేమీ ఉండదు. ఎంత తగ్గించుకుని చదవాలో అతనికి తెలిస్తే చాలు. రచయితకి కూడా ఇది ఒకరకంగా లాభమే. పరిచయం లేనివాళ్లు ఎవరైనా రెండు మంచి మాటలు రాసినప్పుడు వాటికి విలువ ఉంటుంది. ఇప్పుడు అన్నీ ఒక్కలాగే ఉండటం వల్ల ఏదీ నమ్మబుద్ధి కావడం లేదు.

దొంతర తగ్గించుకోవడానికి పాత "స్వీకారం" జాబితాని బ్లాగుల్లోకి తెచ్చుకోవచ్చు. నెలకోసారి అందిన పుస్తకాల పేర్లు, వెల, ఎక్కడ దొరుకుతాయో, వీలైతే ఒక్కో పుస్తకానికి అది దేని గురించో ఒక లైను. అభిప్రాయం ఉండదు. రచయితకి పేరు కనిపిస్తుంది, కొనదలచిన పాఠకుడికి దొరికే చోటు తెలుస్తుంది. తెలుగు పుస్తకానికి ఈ రెండోది చిన్న సాయమేం కాదు, పుస్తకం వచ్చిందని విన్నా ఎక్కడ అమ్ముతున్నారో తెలియక వదిలేసేవాళ్లు ఎందరో. సమీక్ష ఎప్పుడన్న ఫోన్‌కి కూడా "పేరు వేశానండీ, చదవడం కుదిరితే రాస్తాను" అన్న జవాబు ఉంటుంది.

ముందుమాట రాసినవాళ్లే మూడు నెలలు తిరిగేసరికి అదే పుస్తకానికి సమీక్ష రాయడం ఒకటి ఉంది. ముందుమాటలో ఉన్న పేరాలే కాస్త అటూ ఇటూ మారి సమీక్షలో కనిపిస్తాయి. దానికి ఏ వాక్యమూ, ఏ జాబితా చాలవు. అడిగిన రచయితకి "నా మాట పుస్తకంలోనే ఉంది కదండీ, ఇంకెవరినైనా అడగండి" అని చెప్పొచ్చు. అలా చెబితే ఎవరూ నొచ్చుకోరు కూడా.